డిమ్‌లో ఉన్నా కళ్ళలో కొట్టే లైట్లు: మీ షోరూమ్ బిగించిన జినాన్ కిట్ మీద ఫిర్యాదు

వినుకొండ,
పల్నాడు జిల్లా.
తేదీ: 12-03-2025

కస్టమర్ కేర్ విభాగం ముఖ్య అధికారి గారికి,

విషయం: హాలోజన్ హెడ్‌లైట్లలో మీ అధీకృత షోరూమ్ బిగించిన జినాన్ కిట్, దానివల్ల జరిగిన ప్రమాదం, తీసుకోవాల్సిన చర్యల గురించి.

అయ్యా,

గత ఆగస్టులో మీ ఏడు సీట్ల ఎస్‌యూవీ కొన్నాను. డెలివరీ రోజున షోరూమ్‌లో యాక్సెసరీస్ చూసే అబ్బాయి, హెడ్‌లైట్లలో కంపెనీ ఇచ్చిన మామూలు హాలోజన్ బల్బులు తీసేసి, ఇంకా ఎక్కువ వెలుగిచ్చే జినాన్ లైట్లు వేయించుకోమన్నాడు. "రోడ్డంతా పగల్లా కనిపిస్తుంది సార్, అందరూ వేయించుకుంటున్నారు" అన్నాడు. రూ.6,500 కట్టాను. బల్బులు మార్చి, బానెట్ కింద ఆ బల్బులకి కావాల్సిన కరెంటు ఇచ్చే రెండు బాలాస్ట్ డబ్బాలు బిగించి ఇచ్చారు. బండి బిల్లులోనే ఆ కిట్ కూడా ఉంది, నకలు జతచేశాను. బయట మెకానిక్ దగ్గర వేయించుకున్నది కాదని మీకు ముందే తెలియాలని ఈ మాట మొదటే రాస్తున్నాను.

ఐదు నెలలు ఆ లైట్ల వెనక కూర్చుని నడిపాను. చాలా సంతోషపడ్డాను కూడా. ఎదుటివాళ్ళు డిప్పర్ కొడుతుంటే, డిమ్‌లోనే ఉన్నాను కదా, వీళ్ళకేమైంది అనుకున్నానే తప్ప ఒక్కసారి కూడా దిగి చూడలేదు.

జనవరి 21 రాత్రి ఏడున్నరకి మా నాన్నను వెనక కూర్చోబెట్టుకుని పొలం నుంచి బైకు మీద వస్తున్నాను. నరసరావుపేట రోడ్డు. మా ఊరి దగ్గర ఆ రోడ్డుకి మధ్యలో డివైడర్ లేదు. పెద్ద హైవేల మీద మధ్యలో గన్నేరు చెట్లో, కాగితం పూల చెట్లో పెంచుతారు, అవతలి బండి లైటు ఇవతలికి పడకుండా ఆపుతాయి. మాకు ఆ ఆసరా లేదు. ఎదురుగా తెల్లగా, కొంచెం నీలంగా ఒక వెలుగు వచ్చింది. హై బీమ్‌లో వస్తున్నాడనుకుని డిప్పర్ కొట్టాను. అది తగ్గకపోగా ఒక్కసారి ఇంకా పెద్దదై మళ్ళీ మామూలైంది. కళ్ళు బైర్లు కమ్మాయి. నా హ్యాండిల్ నాకే కనిపించలేదు. స్పీడు 40 ఉంటుంది, అంటే సెకనుకి 11 మీటర్లు. చూపు కుదురుకోవడానికి రెండు మూడు సెకన్లు పట్టిందనుకున్నా ముప్పై మీటర్లు గుడ్డిగా వెళ్ళినట్టే. ఆ ముప్పై మీటర్లలో, రోడ్డు పక్కన మిర్చి టిక్కీల (బస్తాల) లోడుతో ఆగిన ట్రాక్టర్ ట్రక్కు ఉంది. వెనక లైటు లేదు. నల్లగా ఏదో అడ్డం వచ్చినట్టు తెలిసేసరికి బ్రేకు నొక్కి ఎడమకి తిప్పాను. మార్జిన్‌లో కంకర మీద బండి జారి ఇద్దరం పడిపోయాం.

ఎదురొచ్చిన బండి ఆగింది. అందులోంచి దిగి పరుగెత్తుకుంటూ వచ్చింది మా తమ్ముడు. ఆ బండి నాదే. చెల్లెలి పెళ్ళి బట్టలకని గుంటూరు వెళ్ళి ఏడుగురు తిరిగొస్తున్నారు, వెనక డిక్కీ నిండా మూటలు. "నేను డిమ్‌లోనే ఉన్నానన్నా. నువ్వు డిప్పర్ కొడితే, ఇది డిమ్మేనని చూపించడానికి ఒకసారి హై వేశా" అని ఏడ్చాడు. నాన్నకి 68 ఏళ్ళు. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు ఉంది, ఇప్పటికీ చొక్కా గుండీ ఒంటి చేత్తో పెట్టుకోలేడు.

తప్పు తమ్ముడిది కాదు. లివర్ డిమ్‌లోనే ఉంది, హై బీమ్ వేస్తే మీటర్‌లో వెలిగే నీలం లైటు వెలగలేదు. అతని చేతిలో ఉన్నదంతా అతను సరిగ్గానే చేశాడు. మీరు అమ్మిన బండిలో డిమ్ అనేది డిమ్‌గా లేదు, ఆ సంగతి నడిపేవాడికి తెలిసే దారీ లేదు. నా ఫిర్యాదంతా దీని మీదే.

ఫిబ్రవరిలో ఒక రాత్రి మా గోడౌన్ గోడ ముందు బండి పెట్టి చూశాం. గోడకి, లైటుకి మధ్య సరిగ్గా 8 మీటర్లు. టేపు పెట్టి కొలిస్తే లైటు మధ్యభాగం నేల నుంచి 98 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ముందు పాత హాలోజన్ బల్బులు వేసి డిమ్ పెట్టాం. గోడ మీద 90 సెంటీమీటర్ల దగ్గర గీత గీసినట్టు వెలుగు తెగింది, ఎడమ వైపు మాత్రం కొంచెం పైకి లేచింది. ఎడమ పక్క నడిచేవాళ్ళు, బోర్డులు కనబడాలని అలా చేస్తారని మెకానిక్ చెప్పాడు. తర్వాత మీ కిట్ బల్బులు వేశాం. గీత పోయింది. వెలుగు పాలు ఒలికినట్టు గోడంతా పాకి, పైన రేకుల దాకా వెళ్ళింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు, మీ ఇంజనీర్లకి బాగా తెలిసిందే. హెచ్4 రకం హాలోజన్ బల్బులో డిమ్ ఫిలమెంట్ (వేడెక్కి వెలిగే తీగ) కింద చిన్న రేకు గిన్నె ఉంటుంది. అది కింది వైపు వెలుగుని అడ్డుకుంటుంది కాబట్టి బల్బు వెనక అద్దంలా మెరిసే రిఫ్లెక్టర్ పై సగం నుంచే వెలుగు బయటికొచ్చి రోడ్డు మీదికి దిగుతుంది. ఆ రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ ఫిలమెంట్ ఉన్న చోటుని బట్టి లెక్క కట్టింది. జినాన్ బల్బులో ఫిలమెంటే లేదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య వాయువులో మెరుపులా నిలిచే ఆర్క్ వెలుగునిస్తుంది. దాని ఆకారం వేరు. మిల్లీమీటరు అటూ ఇటూ అయినా వెలుగు వెళ్ళకూడని చోటికి వెళ్తుంది. పైగా వెలుగుని ల్యూమెన్లలో కొలిస్తే, హాలోజన్ డిమ్ ఇచ్చేది 1000 ల్యూమెన్ల దగ్గరైతే, 35 వాట్ల జినాన్ ఇచ్చేది 3000 పైన. దారి తప్పిన వెలుగు, అదీ మూడింతలు.

జినాన్ చెడ్డదని నేననడం లేదు. 1991లోనే బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లో వచ్చింది. దానికి తగ్గ హెడ్‌లైట్‌తో కంపెనీ నుంచే వస్తే మంచి లైటే. యూరప్ పాటించే నిబంధనల్లో 2000 ల్యూమెన్లు దాటిన బల్బు పెడితే, బరువుని బట్టి తనంతట తానే కిందికి వంగే లెవలింగ్, అద్దం మీద దుమ్ము కడిగే వాషర్ రెండూ ఉండాలి. నాకు అమ్మిన కిట్‌తో రెండు బల్బులు, రెండు డబ్బాలు తప్ప ఇంకేమీ రాలేదు.

బరువు సంగతి కూడా ఆ రాత్రే చూశాం. హాలోజన్ బల్బులతోనే, ఏడుగురం ఎక్కి డిక్కీలో రెండు బస్తాలు వేశాం. 90 దగ్గర ఉన్న గీత 100 దాటింది. బండి వెనక భాగం మూడు నాలుగు సెంటీమీటర్లు కుంగితే చాలు, లైటుకి మీరు పెట్టిన వంపు మొత్తం పోతుంది. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం తిప్పితే గీత మళ్ళీ కిందికి దిగింది. ఆ చక్రం దేనికో డెలివరీ రోజు ఎవరూ చెప్పలేదు. టచ్‌స్క్రీన్‌లో పాటలు ఎలా పెట్టాలో మాత్రం ఇరవై నిమిషాలు చూపించారు. ఏడు సీట్లున్న బండి ఏడుగురితో తిరగడానికేగా కొనేది, లైటు సెట్టింగ్ ఖాళీ బండికి మాత్రమే సరిపోతే ఎలా?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 106వ నిబంధన ఉంది. లైటుకి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడి పక్కన, నేల నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తున కన్ను ఉన్న మనిషి కళ్ళు చెదరకూడదని అది చెబుతుంది. ఇంచుమించు బైకు మీద కూర్చున్నవాడి కంటి ఎత్తది. మేం వద్దన్నా నాన్న వినలేదు, సరిగ్గా ఆ చోట బైకు నిలబెట్టి ఎక్కి కూర్చున్నాడు. పాతికేళ్ళు లారీ నడిపిన మనిషి. ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా హెడ్‌లైట్ అద్దం మీద కొంత మేర నల్ల రంగు పూసుకుని తిరిగిన కాలం ఆయనది. లారీ వెనక "యూజ్ డిప్పర్ ఎట్ నైట్" అని రాయించి, తనూ పాటించేవాడు. హాలోజన్ డిమ్ వేస్తే తల ఊపాడు. మీ కిట్ వేయగానే కట్టు ఉన్న చేతిని కళ్ళకి అడ్డం పెట్టుకుని, "ఆర్పెయ్ రా" అన్నాడు. ఆయన ఎడమ కంట్లో శుక్లం ఉంది. శుక్లం ఉన్న కంట్లో వెలుగు చెల్లాచెదురై మిగతాదేదీ కనబడదు. అలాంటి కళ్ళతో రాత్రిపూట రోడ్డెక్కేవాళ్ళు మా చుట్టుపక్కల ఎంతోమంది ఉన్నారు.

బండి అసలు తయారీకి భిన్నంగా మార్పులు చేయకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం, అలా మార్చి అమ్మిన డీలర్‌కి ఏడాది దాకా జైలు, లేదా బండికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. యజమానికీ శిక్ష ఉంది. అంటే మీ షోరూమ్ మాట నమ్మి నేనూ చట్టం తప్పినవాణ్ణయ్యాను.

ఫిబ్రవరి 10న మీ టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేసి అంతా చెప్పాను. నాలుగో రోజు "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. ఎవరూ ఫోన్ చేయలేదు, బండి చూడలేదు. షోరూమ్‌కి వెళ్తే, కావాలంటే కిట్ తీసేస్తాం గానీ డబ్బు వెనక్కి రాదన్నారు. నేను ఎక్కువగా బాధపడింది డబ్బుకి కాదు. నేనక్కడ కూర్చుని ఉండగానే పక్కనే ఇంకో కొత్త బండికి అదే కిట్ బిగిస్తున్నారు.

కాబట్టి మీ షోరూముల్లో, సర్వీస్ సెంటర్లలో హాలోజన్ హెడ్‌లైట్లకి జినాన్ కిట్లు బిగించడం వెంటనే ఆపించండి. ఇప్పటికే బిగించిన బండ్ల వివరాలు బిల్లుల్లో ఉంటాయి. ఆ యజమానులందరికీ ఫోన్ చేసి పిలిపించి, ఉచితంగా తీసేసి, కంపెనీ బల్బులు వేసి, గోడ మీద లైటు సరిచేసి పంపండి, డబ్బు తిరిగివ్వండి. అన్నిటికన్నా ముందు జరగాల్సింది ఇదే. డెలివరీ రోజు లెవలింగ్ చక్రం ఎలా వాడాలో చేసి చూపించాలని, ప్రతి సర్వీసులో లైటు ఎత్తు చూడాలని మీవాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి. రాబోయే మోడళ్ళలో బరువుని బట్టి తనే సర్దుకునే లెవలింగ్‌ని ఖరీదైన వేరియంట్‌కే కాకుండా అన్నిటికీ ఇవ్వండి. నాన్న వైద్యానికైన ఖర్చు బిల్లులు కూడా జతచేశాను.

30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కావాలి. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి, రవాణా శాఖకి ఇవే కాగితాలతో వెళ్తాను. గోడ మీద పరీక్షించిన ఫొటోలు, వీడియో నా దగ్గర ఉన్నాయి. మీ ఇంజనీర్ ఎవరైనా వస్తానంటే అదే గోడ ముందు, అదే బండితో మళ్ళీ చేసి చూపిస్తాను. చీకటి పడ్డాక రమ్మనండి.

ఇట్లు,
మీ బండి కొన్న వినియోగదారు

జత: బండి బిల్లు, కిట్ రసీదు, ఆస్పత్రి బిల్లులు, ఎక్స్‌రే నకలు, ఫొటోలు, ఫిబ్రవరి 14న వచ్చిన మెసేజ్ ప్రతి.