వంజరం పేరుతో వేరే చేప వడ్డించడంపై ఫిర్యాదు

విశాఖపట్నం,
2025 మే 27.

మేనేజర్ గారికి,
బీచ్ రోడ్డు బ్రాంచి.

విషయం: మే 25 రాత్రి వంజరం ఫ్రై అని చెప్పి ఇచ్చిన చేప, బిల్లులో వేసిన సర్వీస్ చార్జి గురించి.

అయ్యా,

మొన్న ఆదివారం రాత్రి మా ఇంటిల్లిపాదీ మీ రెస్టారెంటుకు భోజనానికి వచ్చాం. మెనూలో మొదటి పేజీలోనే పెద్ద బొమ్మ వేసి ఉన్న 'స్పెషల్ వంజరం ఫ్రై' రెండు ప్లేట్లు చెప్పాం. ప్లేటు 520 రూపాయలు. వంజరం ధర తెలిసినవాళ్లం కాబట్టి రేటు గురించి మాకు పేచీ లేదు. పేచీ అంతా ప్లేటులోకి వచ్చిన చేప గురించే.

వంజరం ముక్క ఎలా ఉంటుందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అడ్డంగా కోసిన గుండ్రటి ముక్క, నడుమ వెన్నుముల్లు, అంచు చుట్టూ వెండి రంగు తోలు. వేలితో విరిస్తే గట్టిగా, పొరలు పొరలుగా ఊడి వస్తుంది. మీరు ఇచ్చింది అరచేయంత పలక. తోలు లేదు, ముల్లు లేదు. పైన మందంగా మైదా, కార్న్‌ఫ్లోర్ కోటింగు. దాన్ని తీసి చూస్తే లోపల తెల్లగా, మెత్తగా, చెమ్మగా ఉంది. చెంచాతో నొక్కితే నీళ్లు ఊరాయి. నిమ్మచెక్క పిండితే ఎర్రరంగు ప్లేటు అంచుదాకా కారింది. కారం అలా కారదు కదండీ.

మా అత్తగారు భీమిలిలో పుట్టి పెరిగిన మనిషి. ఒడ్డున వల దింపుతుండగానే బేరం చేసి చేప కొనే ఇల్లు వాళ్లది. ఆవిడ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, ప్లేటు పక్కకు జరిపి, "నాయనా, వంజరానికి ముల్లుండాలి కదా, ఇందులో ఏదీ?" అని మీ వెయిటరును అడిగారు. "ఇది బోన్‌లెస్ వంజరం అమ్మా" అన్నాడు. తోలేదంటే, తీసేశారన్నాడు. ఇంత మెత్తగా ఎందుకుందంటే, ఫ్రెష్ కాబట్టి అన్నాడు. అంతకు మించి ఆ కుర్రాడికి ఎవరూ నేర్పినట్టు లేదు. కౌంటర్ దగ్గర అడిగితే క్యాషియర్ గారు, "ఇప్పుడు వేట నిషేధం మేడమ్, దొరికిందే పెడతాం" అని నిజం ఒప్పేసుకున్నారు.

నిషేధం సంగతి మాకూ తెలుసు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మర పడవలు, మోటారు బోట్లు వేటకు వెళ్లవు. పడమటి తీరంలో నిషేధం జూన్‌లో గానీ మొదలవదు కాబట్టి అటు నుంచి ఐసులో వంజరం రావచ్చు. తెప్పల వాళ్లు తెచ్చేది కూడా కాస్త దొరుకుతుంది. ధర మండిపోతుంది, అది వేరే మాట. కొనడం గిట్టుబాటు కాకపోతే మెనూలో ఆ వరుస మీద 'లేదు' అని ఒక చీటీ అంటిస్తే సరిపోయేది. మేం ఏ పండుగప్పో, రొయ్యల ఇగురో చెప్పుకునేవాళ్లం. అన్నట్టు, ఆ రాత్రి మీ రొయ్యల ఇగురు చాలా బాగుంది, వండినవారికి ఈ మాట చెప్పండి.

మాకు పెట్టింది బజారులో బాసా పేరుతో అమ్మే ఫిల్లెట్ అని మా నమ్మకం. మన కృష్ణా, పశ్చిమ గోదావరి చెరువుల్లో పెంచే పంగస్ చేప అదే. తినదగిన చేపే, దాన్ని తక్కువ చేయడం లేదు. బాసా ఫ్రై అని రాసి, దానికి తగ్గ రేటు పెట్టి అమ్మితే ఎవరూ కాదనరు. వంజరం ధరలో సగం కూడా పలకని చేపను వంజరం పేరుతో, వంజరం రేటుకు అమ్మడమే మోసం. అడిగిన సరుకు ఒకటి, ఇచ్చింది మరొకటి అయితే 2006 నాటి ఆహార భద్రత చట్టం ప్రకారం అది తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా ఇలాంటి అమ్మకాన్ని ఒప్పుకోదు.

ఇక బిల్లు. 2,400 రూపాయల భోజనానికి 5 శాతం సర్వీస్ చార్జి అని 120 రూపాయలు మీరే కలిపేశారు. తీసేయమంటే "సిస్టమ్‌లో వస్తుంది, తీయడానికి లేదు" అన్నారు. బిల్లులో దానంతట అది సర్వీస్ చార్జి వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ ఏడాది మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. పైగా ఆ 120 మీద కూడా జీఎస్టీ లాగారు. టిప్పు ఇవ్వాలనిపిస్తే మేమే ఇస్తాం. ఆ రాత్రి వెయిటరుకు విడిగా ఇచ్చాం కూడా.

రెండు ప్లేట్ల ఫ్రైకి 1,040, సర్వీస్ చార్జి 120, ఈ రెండింటి మీద పడిన జీఎస్టీ 58, మొత్తం 1,218 రూపాయలు వెనక్కి ఇవ్వండి. కూపన్లు, 'ఈసారి వస్తే డెజర్ట్ ఫ్రీ' లాంటివి వద్దు. ఆ రాత్రి వడ్డించింది ఏ చేపో, ఎక్కడ కొన్నారో కాగితం మీద రాసివ్వండి. నిషేధం ముగిసేదాకా నిజంగా వంజరం తెచ్చిన రోజున తప్ప ఆ పేరుతో ఆర్డరు తీసుకోకండి. ఆ వెయిటరు జీతంలో మాత్రం కోత పెట్టకండి. అబద్ధం వంటింట్లో తయారైంది, అతను మోసుకొచ్చాడంతే.

బిల్లు జిరాక్సు, ఫోన్లో తీసిన ప్లేటు ఫోటోల ప్రింట్లు దీంతో జతచేశాను. కోటింగు తీసిన ముక్క ఫోటో రెండో కాగితంలో ఉంది. నా నంబరు మీ టేబుల్ బుకింగ్ పుస్తకంలో ఉంది. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను, ఇవే కాగితాలు జిల్లా ఆహార భద్రత అధికారికి కూడా ఇస్తాను.

ఇట్లు,
మే 25 రాత్రి కిటికీ పక్క టేబుల్ దగ్గర కూర్చున్న కస్టమర్