పార్సిల్‌లో వైరు లేదు

తిరుపతి, బైరాగిపట్టెడ
శనివారం రాత్రి

చిరంజీవి హేమకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది, రోజూ నూనె రాసి కాపడం పెడుతున్నాను. ఎండలు అప్పుడే ముదిరాయి. గంగమ్మ జాతరకని గిరిజ అత్త వాళ్ళు ఆరు జాకెట్లు ఇచ్చి వెళ్ళారు. మధ్యాహ్నం మిషన్ ముందు కూర్చుంటే వీపంతా తడిసిపోతోంది. నువ్వు మాట్లాడి 26 రోజులైంది. రెండుసార్లు నేనే చేశాను, మోగి మోగి ఆగిపోయింది. పని ఎక్కువ ఉంటుందిలే అనుకున్నాను. ఈ ఉత్తరం ఆఫీసు అడ్రసుకే పంపుతున్నాను, ఎందుకో తర్వాత చెప్తాను.

నీ పార్సిల్ పోయిన సోమవారం అందింది. విప్పితే నువ్వు వాయించే కీబోర్డు. రెండు పాత చుడీదార్లలో చుట్టి, పైన గట్టిగా టేపు వేసి పంపావు. చుడీదార్లు రెండూ విప్పి దులిపాను. అట్టపెట్టె అడుగున చెయ్యి పెట్టి చూశాను. చీటీ ఏమీ లేదు. సామాను ఎక్కువై ఇంటికి పంపి ఉంటావు. అడగాలని కాదు, ఊరికే చెప్తున్నాను.

అటక మీద పెట్టడం ఇష్టం లేక, బుజ్జి వదిలేసి పోయిన ల్యాప్‌టాప్‌కు తగిలిద్దామనుకున్నాను. చూస్తే వైరు లేదు. పైవాటా మణి వచ్చి, "ఇది ప్రింటర్‌కు పెట్టే వైరే పెద్దమ్మా, ఒకవైపు నలుచదరం మూతి ఉంటుంది" అని వాళ్ళ ప్రింటర్‌ది పీకి తెచ్చాడు. పెట్టగానే లైట్లు వెలిగాయి. ఈ కొస నుంచి ఆ కొసకు 25 మెట్లూ నొక్కాను. ఒక్కటీ పలకలేదు. చెడిపోయింది కాబట్టి పంపేసిందని ఆ నిమిషం నాకు ఎంత నిమ్మళమైందో చెప్పలేను. చెడిపోయిన వస్తువును ఇంటికి పంపితే అందులో భయపడాల్సింది ఏముంది?

చెడిపోలేదు. ఇందులో అసలు శబ్దమే ఉండదట. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, ఈ కబుర్లే వైరులోంచి పోతాయట. మెట్టుకో నంబరు, 0 నుంచి 127 దాకా. నొక్కిన బరువుకూ 127 దాకా లెక్క. శబ్దం పుట్టేది కంప్యూటర్‌లో. ఆ కబుర్ల భాష పేరే మిడి అన్నాడు. 1983 జనవరిలో అమెరికాలో ఒక ప్రదర్శనలో రెండు వేరు కంపెనీల కీబోర్డులకు వైరు కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికిందట. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన నెల అది, నేను ఆరో తరగతి. అప్పటి పద్ధతే ఇన్నేళ్ళ తర్వాత నీ కీబోర్డులోనూ పనిచేస్తోందంటే ఎంత ఆలోచించి పెట్టారో. ఇంకో మాట కూడా చెప్పాడు. మెట్టు వదిలిన కబురు దారిలో తప్పిపోతే ఆ స్వరం ఆగదట, మోగుతూనే ఉంటుందట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు ఒక్క కబురు పంపితే చాలు హేమా, మంచిదో చెడ్డదో.

మణి రీపర్ అని పాటలు రికార్డు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి దించాడు. 60 రోజులు డబ్బు కట్టకుండా వాడి చూడొచ్చట. ప్రిఫరెన్సెస్‌లోకి పోయి, మిడి అని ఉన్న చోట కీబోర్డు పేరును ఎనేబుల్ చేయాలి. అది చేయకపోతే ఎన్ని లైట్లు వెలిగినా ఆ సాఫ్ట్‌వేర్ వినిపించుకోదు. తర్వాత కొత్త ట్రాక్ వేసి, ఎర్ర బటన్ నొక్కి, ఇన్‌పుట్ దగ్గర మిడి ఎంచుకుని, ఆ ట్రాక్ మీద ఒక వాయిద్యాన్ని ఎక్కించాలి. మొదట రీపర్‌తో వచ్చినదే ఎక్కించాడు. లారీ హారన్‌లా మోగితే అవ్వ ఉలిక్కిపడి లేచింది. ఉచితంగా దొరికే పియానో ఒకటి దించాక వినబుద్ధయింది. కానీ మెట్టు నొక్కిన కాసేపటికి పలుకుతోంది. చెయ్యి ముందు, స్వరం వెనక. భజనలో తాళం ఇలా పడితే మీ నాన్న పాటే ఆపేసేవాడు. శబ్దం ఆలస్యం కాకుండా చూసే ఆసియో డ్రైవర్ అని ఒకటి వేసి, ఒక్కో విడతకు ఎన్ని శబ్దపు ముక్కలు పోగేయాలో చెప్పే బఫర్ అనే అంకెను 1024 నుంచి 128కి దించితే ఆ పాత ల్యాప్‌టాప్ చిటపటలాడింది. 256 దగ్గర కుదిరింది. సెకనుకు 44,100 ముక్కల లెక్కన 256 ముక్కలంటే 6 మిల్లీసెకన్లు కూడా ఉండదట. ఇప్పుడు వేలితో పాటే పలుకుతోంది.

ఇదంతా నీకు తెలిసిందే. మణి పక్కన ఉన్నా మాకు రెండు రోజులు పట్టింది. నువ్వు ఆ రూములో ఒక్కదానివే కూర్చుని, ఎవరినీ అడగకుండా నేర్చుకున్నావు. అది నాకిప్పుడు తెలిసింది.

రేణిగుంట పిన్ని ఆదివారం వచ్చింది. వాళ్ళ కోడలి తమ్ముడు చెన్నైలో మీ వేళచ్చేరిలోనే ఉంటాడు కదా, నువ్వు సామాను ఆటోలో ఎక్కిస్తుంటే చూశాడట, రూము ఖాళీ చేసేసిందని చెప్పాడట. పిన్ని మాటలు నేనెప్పుడు పట్టించుకున్నాను? కాఫీ ఇచ్చి పంపేశాను. వేరే రూము దొరికితే మంచిదే. నీళ్ళు సరిగ్గా వస్తాయా? మేడమీది రూము వద్దని ముందే చెప్పాను, ఆ ఊరి ఎండకు నువ్వు తట్టుకోలేవు. గ్యాస్ రాత్రి కట్టేసి పడుకో.

బుజ్జికి టైఫాయిడ్ వచ్చిన ఏడాది నీకు గుర్తుందో లేదో, నువ్వు మూడో తరగతి. మీ నాన్న ప్రతి శనివారం హార్మోనియం పెట్టె సైకిల్ వెనక కట్టుకుని భజన మందిరానికి పోయేవాడు. వచ్చేసరికి పన్నెండు. ఆ వారం మందులకు డబ్బు లేక చంద్రమ్మ దగ్గర అప్పు తెచ్చాను. రాత్రి తలుపు తీస్తూ, "ఆ పెట్టె వాయిస్తే బియ్యం వస్తాయా?" అన్నాను. మారు మాట్లాడలేదు. కాళ్ళు కడుక్కుని అన్నం తిని పడుకున్నాడు. పొద్దున నేను లేచేసరికి నా పాత నేత చీర నేల మీద పరిచి, హార్మోనియం దాంట్లో పెట్టి, పసిబిడ్డను చుట్టినట్టు చుడుతున్నాడు. చుట్టి అటక ఎక్కించాడు. నేను చూసి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. మంచిదే అనుకున్నాను కూడా. మందిరం వాళ్ళు రెండు మూడు వారాలు మనిషిని పంపారు. గొంతు బాగాలేదని చెప్పాడు. వాయించడానికి గొంతెందుకని వాళ్ళూ అడగలేదు, నేనూ అడగలేదు. సుబ్బన్న మామ ఒక్కడే అడిగాడు, "1940లో ఆకాశవాణి వాళ్ళు హార్మోనియాన్ని నిషేధిస్తే మళ్ళీ రానివ్వడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది బావా, నువ్వెన్నేళ్ళు?" అని. మీ నాన్న నవ్వాడు. "అన్నమయ్య రాగిరేకులు కొండమీద గుళ్ళో నాలుగు వందల ఏళ్ళు అరలో ఉండి 1922లో బయటికొచ్చాయి, పాటకేమైంది?" అన్నాడు. ఆ మాటతో నాకూ ధైర్యం వచ్చింది, ఎప్పుడో ఒకనాడు దించుకుంటాడులే అని.

నీ ఓణీల ఫంక్షన్‌కు సున్నం వేయిస్తూ అటక మీదివన్నీ దించాం. చీరలో ఎలుకలు గూడు పెట్టాయి. తిత్తి తోలు మొత్తం కొరికేశాయి. చేటతో ఎత్తి పోసింది నువ్వే. మీ నాన్న కింద కూర్చుని తిత్తి ఆడిస్తూ ఒక మెట్టు నొక్కితే బుస్సుమని గాలి పోయింది, స్వరం రాలేదు. రాగికి ఎలుకలు పట్టవు హేమా, తోలుకు పడతాయి. తర్వాత తిత్తి మార్పించాడు, వాయించాడు. కానీ ఏకాదశికీ శ్రీరామనవమికీ తప్ప మందిరానికి పోలేదు. చెయ్యి పోయిందనేవాడు. నేనన్న మాటను ఆయన పోయేదాకా ఒక్కసారి కూడా ఎత్తలేదు.

సంక్రాంతికి నువ్వు వచ్చినప్పుడు అన్నం పెడుతూ, ఆ మెట్లు నొక్కితే రూము అద్దె కట్టొచ్చా అన్నాను. నువ్వూ మారు మాట్లాడలేదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచావు. ఇప్పుడు దాన్ని చుడీదార్లలో చుట్టి పంపావు. ఆ చుట్టిన తీరు చూసిన దగ్గర్నుంచి నా చెయ్యి పని మీద నిలవడం లేదు.

ఉద్యోగం వదిలెయ్యమని చెప్పడం లేదు. ఉద్యోగం ఉండాలి. పీఎఫ్ డబ్బు ముట్టుకోవద్దు. బ్యాంకు పరీక్ష ఇష్టం లేకపోతే రాయొద్దు, నేను ఇంక అడగను. కానీ ఫీజు కట్టేసి ఉంటే ఒకసారి రాసి చూడరాదా? రాత్రి పన్నెండు దాటి హెడ్‌ఫోన్ పెట్టుకోవద్దు, సౌండ్ తగ్గించి పెట్టుకో, చెవులు పాడైతే మళ్ళీ రావు. ఆదివారం తలకు నూనె పెట్టి పోసుకో. టిఫిన్ మానేసి కాఫీతో గడిపితే కడుపులో మంట పుడుతుంది, మీ నాన్నకు అలాగే అయ్యేది.

నిన్న తడిగుడ్డతో కీబోర్డు తుడుస్తుంటే నల్ల మెట్టు ఒకదాని మీద ఎర్ర చుక్క కనిపించింది. గోళ్ళరంగు. సగం అరిగిపోయి, అంచు మాత్రమే మిగిలి ఉంది. మొదటి తెల్ల మెట్టు వదిలేసి దాని పక్క నల్లదాని మీద ఎందుకు పెట్టిందో మణికి అర్థం కాలేదు. నాకు తెలుసు. ఒకటిన్నర శ్రుతి. మీ నాన్న స అక్కడే పలికేది. ట్రాన్స్‌పోజ్ బటన్ ఒక్కసారి నొక్కితే తెల్ల మెట్టు మీదే ఒకటిన్నర వస్తుందని మణి చూపించాడు. నీకది తెలియక కాదు. ఆయన చెయ్యి పెట్టిన చోటే నువ్వూ పెట్టుకున్నావు. గోళ్ళరంగు అరిగిందంటే ఎన్నిసార్లు పెట్టి ఉంటావో. పక్కన చిన్న చక్రం ఉంది చూడు, తిప్పితే స్వరం జారి మళ్ళీ స్థానానికి వస్తుంది. హార్మోనియంలో గమకం పలకదని మీ నాన్నకు జీవితమంతా బాధే. ఆ చక్రం ఆయనకు చూపించాల్సింది.

అది ఇక్కడ ఉండాల్సిన వస్తువు కాదు. గిరిజ అత్త జాకెట్లు ఇచ్చేసి, వచ్చే శనివారం పొద్దున బస్సుకు నేనే తీసుకొస్తాను. బస్సులో ఒళ్ళోనే పెట్టుకుంటాను, పైన పెట్టను. చెనిక్కాయల ఊరుబిండి, నల్లకారం, అవ్వ చేసిన నువ్వులుండలు తెస్తున్నాను, వాటికి మూత గట్టిగా ఉన్న డబ్బాలు ఉన్నాయా? ఎక్కడ దిగాలో, ఏ వీధో, డోరు నంబరెంతో మణి ఫోన్‌కైనా పంపు.

మణి వాళ్ళ ప్రింటర్ వైరు రేపు ఇచ్చేయాలి. నీ వైరు నీ దగ్గర ఉందా? అంత జాగ్రత్తగా చుట్టి పంపినదానివి, అదొక్కటి పెట్టడం మరిచిపోయావా, ఉంచుకున్నావా? అది మాత్రం రాయి. లేకపోతే గాంధీ రోడ్డులో కొత్తది కొనుక్కొస్తాను.

మీ అమ్మ