టప్ మందిరా శీనూ!

ఒరేయ్ శీనూ,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకునే ఉంటావు. తిట్టుకో, కానీ ముందు ఇది విను. అమ్మ మోకాళ్ళు పర్వాలేదు, చెల్లి పరీక్షలు అయిపోయాయి, నీ చెప్పులు ఇంకా మా ఇంట్లోనే ఉన్నాయి. అంతే వార్తలు. పిస్టన్ కుదిరిందిరా!

అదే, నా వేడిగాలి ఇంజన్. పిస్టన్‌కి రింగు వేస్తే ఇంజన్ బలమంతా రాపిడికే సరి, వేయకపోతే పిస్టన్‌కీ సిలిండర్‌కీ మధ్య సందులోంచి గాలి లీకు. సందు సగం చేస్తే లీకు ఎనిమిదో వంతుకు పడిపోతుందట, మైక్రాన్ల మీద, అదే మిల్లీమీటర్లో వెయ్యో వంతుల మీద, నా పిచ్చి అందుకే. ఆవిరి ఇంజన్ జేమ్స్ వాట్ కూడా ఈ లీకుతోనే ఏళ్ళ తరబడి తల పట్టుకున్నాడు తెలుసా? 1775లో ఫిరంగులు బోరు చేసే విల్కిన్సన్ సిలిండర్‌ని సరిగ్గా బోరు చేసిచ్చాకే ఆయన గట్టెక్కాడు.

నా విల్కిన్సన్ ఎవరంటావా, ఆటోనగర్ మామే, 'కొలత కంట్లో ఉంటుంది' మామ! పోత ఇనుప సిలిండర్ బోరు చేసిచ్చి, "వాల్వ్ గ్రైండింగ్ పేస్టు పూసి పిస్టన్నే అందులో తిప్పెయ్, సరిపోతుంది" అన్నాడు. ససేమిరా అన్నాను. అలా చేస్తే రెండూ కలిసి అరుగుతాయి, సందు పెరుగుతూనే పోతుంది, పైగా పేస్టులోని గరుకు పొడి ఇనుములో ఇరుక్కుని తర్వాత కూడా కొరుక్కుతింటూనే ఉంటుంది. అందుకని అల్యూమినియం కడ్డీని నిలువునా చీల్చి, స్క్రూ బిగిస్తే ఉబ్బేలా చేసి, పేస్టు దానికి పూశాను. పొడి ఆ మెత్తటి లోహంలో కూర్చుని సిలిండర్‌ని మాత్రమే కోస్తుంది. కడ్డీ లేత్ చక్‌లో మెల్లగా తిరుగుతుంటే సిలిండర్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ జరపడం, ఎక్కడ పట్టేస్తే అక్కడ బోరు ఇరుకన్నమాట. మామ దూరం నుంచి చూసి నవ్వుతూనే ఉన్నాడు, ఒళ్ళు మండిపోయిందనుకో.

పిస్టన్ సంగతి ఆ తర్వాతే. మామ అల్యూమినియం పెట్టమన్నాడు కానీ వేడికి అది ఇనుము కంటే రెట్టింపు సాగుతుంది, పట్టేస్తుంది. నాదీ పోత ఇనుమే, వందో వంతు మిల్లీమీటర్లు రెండు ఎక్కువ ఉంచి, బయట రింగులాంటి దాంతో రుద్దుకుంటూ వచ్చాను. చివర్లో ఏడిపించింది చూడు, ఎంతకీ దూరదు! విసుగొచ్చి బల్ల మీద పడేసి, టీ తాగొచ్చి పెడితే సుతారంగా జారింది. చేతి వేడిరా! ఇరవై మిల్లీమీటర్ల ఇనుము పది డిగ్రీలు వేడెక్కితే రెండు మైక్రాన్ల పైనే ఉబ్బుతుంది, అక్కడ మనకున్న సందే అంతంత మాత్రం.

కిరోసిన్‌తో కడిగి, తుడిచి, చుక్క నూనె లేకుండా, సిలిండర్ కింద బొటనవేలు అడ్డుపెట్టి పిస్టన్‌ని పైనుంచి వదిలాను. పడలేదు! గాలి మీద ఆగి, అంగుళం అంగుళం దిగుతోంది. నొక్కితే పైకి తంతుంది, లాగి వదిలితే వెనక్కి పీల్చుకుంటుంది. వేలు తీయకుండా మొత్తం బయటికి లాగితే టప్! ల్యాబులో గాజు సిరంజితో నువ్వు చేసిన ఘనకార్యం అప్పుడే గుర్తొచ్చింది, ఆ ఇంకు మరక నా చొక్కా మీద ఇంకా అలాగే ఉంది, డబ్బులు నువ్వే కట్టాలి.

మామ పరుగున వచ్చి తనూ లాగి చూశాడు. మళ్ళీ లాగాడు. ఆ తర్వాత ఏమన్నాడో తెలుసా, నీ గురించే... అది వచ్చినప్పుడే చెప్తాను, రాస్తే మజా ఉండదు. ఫ్లైవీల్ ఇంకా మిగిలింది, ఇరుసు కాస్త వంకర తిరుగుతోంది, దాని గురించి నిన్నొకటి అడగాలని... అబ్బా, డబ్బాలో ఉత్తరాలు తీసే టైమైపోయింది, పరిగెత్తాలి.

నీ
బుజ్జిగాడు