రంగడి సూది గురించి చిన్నాకి

చిన్నా,

అక్కకి తొమ్మిదో నెల వచ్చేసింది. వచ్చే ఆదివారం నేనూ నాన్నగారూ బెంగళూరు బయల్దేరుతున్నాం. రాజమండ్రి వచ్చి, మేం తిరిగొచ్చేదాకా మన పిల్లి రంగడిని చూసుకుంటానన్నావు చూడు, ఆ మాటకే నా ప్రాణం సగం కుదుటపడింది. కానీ ఇన్సులిన్ అనగానే ఫోన్లో నీ గొంతు మారిపోయింది. అందుకే తీరిగ్గా కూచుని రాస్తున్నాను. ఇది దగ్గర పెట్టుకో.

సూది వెయ్యడం దీంట్లో చిన్న పని. వాడు తిన్నాడా లేదా, ఎలా నడుస్తున్నాడు, ఎంత నీళ్ళు తాగుతున్నాడు, ఇవన్నీ కనిపెట్టుకుని ఉండటమే పెద్ద పని. నీకు అది బాగా చేతనవును. చిన్నప్పుడు వాడికి జలుబు చేసినా ముందు నువ్వే కదా కనిపెట్టేవాడివి.

జబ్బు బయటపడిందీ అలాగే. గిన్నెలో నీళ్ళు అయిపోతే బాత్రూమ్ బకెట్ మీదకెక్కి మరీ తాగేవాడు. ఇసక డబ్బాలో ఉచ్చ తడికి పెద్ద పెద్ద గడ్డలు. ఆవురావురుమని తింటున్నా వెన్ను ఎముకలు చేతికి తగిలేవి. తర్వాత వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనించి నడవడం మొదలెట్టాడు. షుగరు నరాల మీదికి వస్తే పిల్లులు అలా నడుస్తాయట. ఆస్పత్రికొచ్చిన భయానికే పిల్లులకి షుగరు పెరుగుతుంది కాబట్టి డాక్టరుగారు ఆ ఒక్క అంకె నమ్మలేదు. వెనకటి రెండు మూడు వారాల సంగతి చెప్పే ఫ్రక్టోజమైన్ పరీక్ష కూడా చేయించి, అప్పుడు ఖాయం చేశారు.

ఇక రోజువారీ సంగతి. పొద్దున్న ఏడింటికి, రాత్రి ఏడింటికి. ముందు తిండి, తర్వాత సూది. గిన్నె సగానికి పైగా ఖాళీ అయితేనే సిరంజి తియ్యి. వాసన చూసి పక్కకి పోయినా, తిన్నది కక్కేసినా సూది ఆపి డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. ఒక పూట సూది తప్పితే కొంప మునగదు. తినని పిల్లికి ఇన్సులిన్ ఎక్కిస్తేనే ప్రమాదం. తప్పిన పూటది కలిపి మరుసటి పూట రెండింతలు వెయ్యడం మాత్రం ఎన్నడూ చెయ్యకు.

ఇప్పుడు చెప్పేది రెండుసార్లు చదువు. నాన్నగారు వేసుకునే ఇన్సులిన్ సీసా మిల్లీలీటరుకి 40 యూనిట్లది. దాని సిరంజికి ఎర్ర మూత. రంగడికి వేసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 యూనిట్లది, దానికి నారింజ మూత సిరంజి. ఎర్ర మూత సిరంజితో వాడి మందు రెండో గీత దాకా లాగావంటే లోపలికి పోయేది రెండు యూనిట్లు కాదు, అయిదు. వాడంత ప్రాణికి అది చాలా ఎక్కువ. నాన్నగారివన్నీ మాతో తీసుకెళ్ళిపోతున్నాం. అయినా బీరువాలోనో సొరుగులోనో ఎర్ర మూతది కనిపిస్తే ముట్టుకోకు.

సీసా ఫ్రిజ్ తలుపు అరలో ఉంది, ఫ్రీజర్‌లో పెట్టకు. గడ్డకడితే ఆ మందు ఇక పనికిరాదు. కుదపకు. నీళ్ళలా తేటగా ఉండాలి, మసకగా కనిపిస్తే పారేసి కొత్తది తెరువు. రెండు యూనిట్లు లాగి, బుడగలు పోయేలా సిరంజిని చిటికెతో తట్టు. వాడు మూతి తుడుచుకుంటూ కూచునే ఘడియ ఒకటుంటుంది, పక్కన చేరి వీపు నిమురు. పక్కటెముకల మీద చర్మం రెండు వేళ్ళతో పైకి లాగితే చిన్న గుడారంలా లేస్తుంది. దాని అడుగున సూది గుచ్చి మెల్లగా నొక్కు. వెంట్రుకంత సూది, చాలాసార్లు వాడు తల కూడా తిప్పడు. ఈ పూట కుడివైపయితే రాత్రికి ఎడమవైపు. తీశాక బొచ్చు వేలితో తడిమి చూడు. తడిగా ఉంటే మందు బయటికి పోయినట్టే, కానీ ఎంత పోయిందో తెలీదు కాబట్టి మళ్ళీ వెయ్యకు.

తూలుతూ నడిచినా, పిలిస్తే పలక్కుండా శూన్యంలోకి చూస్తున్నా, వణికినా షుగరు పడిపోయిందని లెక్క. తినగలిగితే వెంటనే తిండి పెట్టు. లేకపోతే తేనె వేలికి రాసుకుని చిగుళ్ళకి పూయి. గొంతులో పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తే నోట్లో వేలు పెట్టకు, పెదవి లోపల రాసి వదిలెయ్యి. తేరుకున్నట్టు కనిపించినా సరే, ఆటో పిలిచి ఆస్పత్రికి తీసుకుపో.

తిండి డబ్బాలో వచ్చే మాంసం ముద్ద మాత్రమే. పక్కింటి మామ్మగారు ప్రేమకొద్దీ పెరుగన్నం తెస్తారు, నొచ్చుకోకుండా చెప్పి నువ్వే తీసుకో. పిల్లి ఒంటికి పిండిపదార్థం అరాయించుకునే శక్తి తక్కువ. ఈ తిండీ, ఇన్సులినూ మొదట్లోనే కుదిరితే కొన్ని పిల్లులకి సూది అవసరమే లేకుండా పోతుందట. రంగడి విషయంలో నాకా ఆశ గట్టిగా ఉంది. ఆశతో పాటు భయం కూడా ఉంది, ఎందుకంటే ఒళ్ళు తేరుకుంటున్న రోజుల్లో నిన్నటి మోతాదే ఇవాళ ఎక్కువైపోవచ్చు. అందుకే నీళ్ళ గిన్నె కొలత, చెవి అంచున చుక్క తీసి చూసిన షుగరు అంకె రోజూ నోట్‌బుక్‌లో రాయి. సూదికి ముందు అంకె 150 కంటే తగ్గితే వెయ్యకుండా ముందు తనకి ఫోన్ చెయ్యమన్నారు డాక్టరుగారు. ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించాను.

శుక్రవారం రాత్రి గౌతమికే ఎక్కెయ్యి. శనివారం రెండు పూటలా నీ చేతే వేయిస్తాను, పక్కన నేనుంటాను. వచ్చేటప్పుడు నారింజ మూత సిరంజిలు, అర యూనిట్ గీతలున్నవి, ఒక ప్యాకెట్ తీసుకురా. ఇక్కడి మందుల షాపులో అన్నిసార్లూ దొరకడం లేదు.

అమ్మ