అర్ధరాత్రి మెలకువకు మాత్రే మందా?

సంపాదకులకు నమస్కారం.

నిద్ర పట్టనివారి గురించి పత్రికలలో తరచుగా చదువుతున్నాము గాని, పది గంటలకు హాయిగా నిద్రపోయి, రెండింటికి మెలకువ వచ్చి, తెల్లవారేదాకా మళ్ళీ కన్ను మూతపడని మావంటివారి గోడు ఎవరికీ అంతగా పట్టినట్టు లేదు. నేను గుంటూరు బ్రాడీపేటలో, రైలు కూత స్పష్టంగా వినిపించే వీధిలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. నిరుడు రోహిణి కార్తెలో ఒక రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగిపోవడంతో మొదలైన ఈ మెలకువ, వానలు కురిసి ఊరు చల్లబడిన తరువాత కూడా నన్ను విడిచిపెట్టలేదు. రైలు కూతకు ఏనాడూ లేవనివాణ్ణి, నిశ్శబ్దానికే లేచి కూర్చునేవాణ్ణి.

ఒక మందుల దుకాణంలో నా బాధ చెప్పగానే, డాక్టరు చీటీ ఏదని కూడా అడగకుండా అల్ప్రాజోలం అనే మత్తు మాత్రల అట్ట చేతిలో పెట్టారు. ఆ మందు ఔషధ నిబంధనలలోని షెడ్యూల్ హెచ్1 అనే జాబితాలో ఉన్నది. చీటీ లేనిదే అమ్మరాదు, అమ్మినప్పుడు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం వేరే రిజిస్టరులో నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. అలవాటైతే మానడం కష్టమనీ, మా వయసువారు ఆ మత్తులో రాత్రివేళ బాత్రూముకు లేచి తూలిపడే ప్రమాదం ఉన్నదనీ తరువాత డాక్టరుగారు చెబితే తెలిసింది.

నిద్ర సుమారు తొంభై నిమిషాల ఆవృత్తాలుగా సాగుతుందనీ, నడుమ కాస్త మెలకువ రావడం అందరికీ సహజమేననీ, వయసుతో గాఢనిద్ర తగ్గుతుందనీ ఆయన వివరించారు. నన్ను చెడగొట్టింది మెలకువ కాదు, గడియారం చూసి ‘ఇంక మూడు గంటలే మిగిలింది’ అని లెక్కలు కట్టడం. ఆయన సలహాపై గడియారాన్ని గోడవైపు తిప్పాను. ఇరవై నిమిషాలు గడిచాయని తోచినా నిద్ర రాకపోతే, మంచం దిగి ముందుగదిలో మసక దీపం కింద కూర్చుని, ఫోను ముట్టకుండా, పాత పంచాంగంలోని తిథుల పట్టికలు చదువుతాను (అంతకన్నా చప్పని చదువు నాకు దొరకలేదు). కునికిపాట్లు వస్తేనే తిరిగి మంచమెక్కాలి, రాత్రి ఎలా గడిచినా ఉదయం ఒకే వేళకు లేవాలి, పగటినిద్ర కూడదు. సాయంత్రపు కాఫీ మానడమే నాకు అన్నిటికన్నా కష్టమైంది. తాగిన అయిదు గంటల తరువాత కూడా సుమారు సగం కెఫీన్ ఒంట్లోనే ఉంటుందట.

మొదటి పది రోజులు ఉన్న నిద్ర కూడా పోయిందని ఒప్పుకోవాలి. రెండు నెలలకు గాని దారిన పడలేదు. మంచాన్ని నిద్రకే పరిమితం చేసే ఈ పద్ధతిని రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1972లోనే ప్రతిపాదించారు. ఇటువంటి పద్ధతులతో కూడిన ప్రవర్తనా చికిత్సనే దీర్ఘకాల నిద్రలేమికి ముందుగా ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సూచించింది. గురక పెడుతూ ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారు, పదేపదే మూత్రానికి లేచేవారు మాత్రం దీనితో సరిపెట్టుకోక వైద్యుణ్ణి కలవాలి.

ఔషధ నియంత్రణ అధికారులు మన జిల్లాలోని దుకాణాల హెచ్1 రిజిస్టర్లను తనిఖీ చేయాలనీ, పట్టణ ఆరోగ్య కేంద్రాలలో పెద్దవారికి ఈ పద్ధతిని ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేసి ఇవ్వాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.