మార్కుల ఓటుతో మా తంటా

సంపాదకులకు,

మా అపార్ట్‌మెంట్ అధ్యక్షుడి ఎన్నికకు ఈసారి మార్కుల పద్ధతి పెట్టాం. ముగ్గురు అభ్యర్థులు; ఒక్కొక్కరికి 0 నుంచి 5 దాకా వేయొచ్చు, మొత్తం ఎక్కువ వస్తే గెలుపు. చీటీలు విప్పితే సగానికి పైగా ‘5, 0, 0’లే! ఎదురింటి మాస్టారిని అడిగితే, ‘రెండోవాడికి 3 వేస్తే మనవాడు ఓడిపోడూ?’ అన్నారు. లెక్క తప్పేం కాదు. కానీ అందరూ అలాగే వేస్తే అది మామూలు ఓటే, కూడికల శ్రమ దండగ.

అమెరికాలో కొందరు ప్రతిపాదించిన ‘స్టార్’ పద్ధతిలో మార్కుల్లో ముందున్న ఇద్దరినీ అవే చీటీలతో మళ్లీ పోలుస్తారు. ఎక్కువమంది ఎవరికి పై మార్కు వేశారో వాళ్లదే గెలుపు. అక్కడ 5, 3 తేడా కూడా పూర్తి ఓటే. వచ్చేసారి అదే పెడదామంటే మాస్టారు ఇంకా ఆలోచిస్తున్నారు.

– ఒక పాఠకుడు, మొగల్రాజపురం, విజయవాడ