హౌస్ పేర్లు ఎందుకు మార్చామంటే...

తల్లిదండ్రులందరికీ నమస్కారం,

స్పోర్ట్స్ డే ప్రాక్టీస్ మొదలైంది, పిల్లలు ఇంటికొచ్చి కాళ్ళు నొప్పులంటున్నారని తెలుసు, కంగారు పడకండి, రెండు మూడు రోజుల్లో అలవాటైపోతుంది. ఈ నెల నేను రాయాలనుకుంది మాత్రం హౌస్ పేర్ల గురించి. రెడ్, బ్లూ, గ్రీన్, యెల్లో తీసేసి రామస్వామి, గోపాలన్, బలరాం, మల్లీశ్వరి అని పెట్టిన దగ్గర్నుంచి క్లాస్ గ్రూపుల్లో ఒకటే గోల. "మేడమ్, మల్లీశ్వరి సరే, మిగతా ముగ్గురూ ఎవరండీ, మావాడు కోహ్లీ హౌస్ కావాలని అన్నం మానేశాడు" అని ఒకమ్మ రాశారు. అన్నం తినిపించండి ముందు, తర్వాత ఈ లెటర్ చదివి వినిపించండి.

కోట రామస్వామి మన చెన్నై తెలుగాయనే. మైలాపూర్ లజ్ వైపు వెళ్తుంటారు కదా, అక్కడి బుచ్చిబాబు నాయుడు గారి చిన్న కొడుకు, దత్తత వెళ్ళడంతో ఇంటిపేరు కోట అయింది. బుచ్చిబాబు అంటే మామూలు మనిషి కాదు, అప్పట్లో చేపాక్‌లో తెల్లవాళ్ళ క్లబ్బు మనవాళ్ళని చేర్చుకోకపోతే మద్రాస్ యునైటెడ్ క్లబ్ అని మనవాళ్ళ కోసమే సొంతంగా పెట్టినాయన, క్రికెట్ ఫాలో అయ్యేవాళ్ళకి ఆయన పేరు మీద జరిగే టోర్నమెంట్ తెలిసే ఉంటుంది. అలాంటి ఇంట్లో పుట్టిన రామస్వామి గారు 1922లో మన దేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడారు. పద్నాలుగేళ్ళ తర్వాత, 1936లో, నలభై నిండిన నెలకి, ఇంగ్లాండ్‌లో మాంచెస్టర్‌లో మొదటి టెస్ట్ మ్యాచ్ ఆడారు! ఫస్ట్ ఇన్నింగ్స్‌లో 40, సెకండ్ ఇన్నింగ్స్‌లో 60. ఇంకో టెస్ట్ ఆడారు, అంతే. రెండు టెస్టుల్లో మొత్తం 170 పరుగులు, ఒకసారి నాటౌట్, యావరేజ్ 56.66.

ఈ లెక్క బోర్డు మీద రాస్తే ఆరో క్లాస్ పాప ఒకతి లేచి, "మేడమ్ అయితే సచిన్ కన్నా ఎక్కువే కదా" అంది. సచిన్‌ది 53.78, కాబట్టి లెక్క ప్రకారం పాప చెప్పింది కరెక్టే, కానీ రెండు టెస్టులకీ రెండు వందల టెస్టులకీ పోలికేంటి అని మా పీటీ సార్ వెంటనే అడ్డుకున్నారు, దాని మీద పీరియడ్ అంతా కొట్టుకున్నారు, మ్యాథ్స్ టీచర్ చూసి తెగ ముచ్చటపడ్డారు. మరి ఇంత ఆడినాయన్ని ఎందుకు మర్చిపోయారంటే, ఆ మాంచెస్టర్ మ్యాచ్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ ఇద్దరూ ఓపెనింగ్‌కి 203 కొట్టారు, ఇద్దరివీ సెంచరీలు. ఎప్పుడు ఆ మ్యాచ్ గురించి రాసినా వాళ్ళిద్దరి దగ్గరే ఆగిపోతారు. ఆ తర్వాత దిగి 60 కొట్టిన నలభయ్యేళ్ళ మనిషి ఎవరికి కావాలి చెప్పండి. ఆయన చివరి సంగతి ఇంకా బాధ, 1985లో ఒకరోజు ఇంట్లోంచి బయటికెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు, ఏమయ్యారో ఎవరికీ తెలీదు. చిన్న క్లాసుల్లో ఇది చెప్పలేదు, పెద్ద పిల్లలకి చెప్పాం.

గోపాలన్ అంటే ఎం.జె. గోపాలన్, ఈయనా మద్రాసే. 1934 నవంబర్‌లో చేపాక్‌లో రంజీ ట్రోఫీ మొదటి మ్యాచ్‌లో మొదటి బంతి వేసింది ఈయనే. హాకీ కూడా దేశానికి ఆడారు. 1936లో ఒకే టైంలో రెండు పిలుపులు, బెర్లిన్ ఒలింపిక్స్‌కి హాకీ, ఇంగ్లాండ్ టూర్‌కి క్రికెట్. ఆయన క్రికెట్ వైపు వెళ్ళారు. హాకీ టీమ్ బంగారు పతకం తెచ్చింది, ఈయనకి ఇంగ్లాండ్‌లో ఒక్క టెస్ట్ కూడా దక్కలేదు. చూడండి, రామస్వామి గారు, గోపాలన్ గారు ఒకే టూర్‌లో ఉన్నారు, నలభయ్యేళ్ళాయనకి రెండు టెస్టులు వచ్చాయి, ఈయన బెంచ్ మీదే. మా తొమ్మిదో క్లాస్ పిల్లలైతే ఇప్పటికీ తేల్చుకోలేదు ఆయన చేసింది రైటా రాంగా అని.

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ కుర్రాడు, ఫుట్‌బాల్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన టీమ్ నాలుగో స్థానం, అవునండీ ఫుట్‌బాల్‌లోనే, అందులో ఉన్నారు. 1960 రోమ్‌లో హంగేరీ మీద గోల్, పెరూ మీద గోల్. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్ గోల్డ్. తర్వాత ఆరోగ్యం దెబ్బతిని చిన్న వయసులోనే ఆట ఆపేశారు. ఆయనతో కలిసి ఆడిన పీకే బెనర్జీ, చునీ గోస్వామి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఈయనకి 2023లో పోయేదాకా రాలేదు. నాకైతే ఇది ఇప్పటికీ మింగుడు పడదు.

మల్లీశ్వరి పేరు పెద్దవాళ్ళందరికీ తెలుసు, పిల్లల్లో సగం మందికి తెలీదు, సింధు ముందు ఎవరూ లేరనుకుంటున్నారు. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి, 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో రెండు రకాల లిఫ్టులూ కలిపి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం, ఒలింపిక్ మెడల్ కొట్టిన మొదటి భారతీయ మహిళ. బంగారం గెలిచినామె ఎత్తింది 242.5, అంటే తేడా రెండున్నర కిలోలు! చివరి ప్రయత్నంలో 137.5 పెట్టించుకుని ఎత్తలేకపోయారు. పిల్లలకి ఆ బరువు అర్థం కావాలని పీటీ సార్ కిచెన్‌లోంచి 25 కిలోల బియ్యం బస్తాలు ఐదు తెప్పించి పేర్చారు, ఇంకో ఐదు కిలోలు కలిపితే ఆవిడ ఒక్క లిఫ్ట్‌లో తల మీదకి ఎత్తిన 130 అవుతుంది అన్నారు. ఒక్క బస్తా ఎత్తడానికే ఇద్దరు పదో క్లాస్ మగపిల్లలు మోకాళ్ళ దాకా తెచ్చి వదిలేశారు, బస్తా చినగలేదు, అదృష్టం.

కోహ్లీ మీద నాకేం కోపం లేదు, ఇంట్లో మ్యాచ్ వస్తే నేనూ వంట ఆపేసి కూర్చుంటాను. కానీ కోహ్లీ గురించి స్కూల్ చెప్పక్కర్లేదు, ఫోన్ చెప్తుంది. వీళ్ళ గురించి ఫోన్ చెప్పదు, వీళ్ళ ఆటకి వీడియోలు దొరకడమే కష్టం.

ఒక రిక్వెస్ట్. ఈ ఊళ్ళో ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ), సదరన్ రైల్వే, పోర్ట్ ట్రస్ట్ ఇలాంటి చోట్ల స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం చేసిన తాతయ్యలు, అమ్మమ్మలు మన పిల్లల ఇళ్ళల్లో ఉన్నారని నాకు తెలుసు, వాలీబాల్, కబడ్డీ, అథ్లెటిక్స్ ఏదైనా సరే. పాత గ్రూప్ ఫోటో, సర్టిఫికెట్, బ్లేజర్ ఏదున్నా శుక్రవారం లోపు ఆఫీస్‌లో ఇవ్వండి, వెనకాల పేరు, క్లాస్, సెక్షన్ పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో వద్దు, పాడవుతుంది. స్పోర్ట్స్ డే రోజు గ్రౌండ్ పక్కన షామియానాలో పెడతాం, సాయంత్రం తిరిగిచ్చేస్తాం. వాళ్ళు స్వయంగా రాగలిగితే ముందు వరస కుర్చీలు వాళ్ళవే, ఆటో దిగిన చోటు నుంచి నడవలేకపోతే గేట్ దగ్గర వాచ్‌మన్‌కి చెప్పండి, లోపలిదాకా వదుల్తారు.

పిల్లలకి టోపీ, వాటర్ బాటిల్ తప్పనిసరి. కొత్త హౌస్ టీషర్టులు కొనక్కర్లేదు, పాత రంగులే.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్